పంపకాల్లో చెప్పిన ధర

నేను పేర్లు కొని అమ్ముకుంటాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు నన్ను జాతకాలు చెప్పేవాడిననో, పసిపిల్లలకు పేర్లు పెట్టి సంభావన పుచ్చుకునేవాడిననో అనుకుని చెయ్యి చాపుతారు. కాదు. ఇంటర్నెట్లో ఒక కొట్టును వెతుక్కుంటూ వెళ్లాలంటే ఫోన్లో పైన ఒక చిరునామా కొడతారు కదా, ఆ చిరునామా పేర్లు. ఏడాదికింత అని కట్టినంతకాలం పేరు మనది. కట్టడం మరిచిపోతే కొన్నాళ్లకు ఇంకొకడిది. ఎవరికీ పట్టనప్పుడు చవగ్గా కట్టిపెట్టుకుని, ఎవరికో అవసరం పడ్డప్పుడు ఎక్కువకు అమ్మడం నా పని. ఒకరకంగా స్థలాల వ్యాపారమే. కాకపోతే సరిహద్దు రాళ్లుండవు, పక్కవాడు గోడ జరపడు, కొన్నది చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండదు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా నాన్న అంటాడు. ఈ విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు. ఇంగ్లీషులో ఒక వాక్యం తిన్నగా రాయమంటే ఈనాటికీ నాకు చెమటలు పడతాయి. పదాలు మాత్రం వచ్చు. ప్రపంచంలో వాక్యాలకు డబ్బిచ్చేవాళ్లు తక్కువ, పదాలకు ఇచ్చేవాళ్లు కొందరున్నారు. కాబట్టి నా చదువు ఈ వృత్తికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

బడి మానేసిన ఏడాది ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడినవాడు మా బాబాయి, అంటే మా పిన్ని భర్త. పిన్నిని పెడనలో ఇచ్చారు. వాళ్లది చీరల వ్యాపారం. బాబాయికి ఒక అన్న ఉన్నాడు, ఆయన్ని నేను పెదనాన్న అంటాను. వాళ్ల నాన్నగారు పెట్టిన కొట్టును అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపేవాళ్లు. మగ్గాల వాళ్లకు నూలిచ్చి నేయించడం, కొంత కొట్లో అమ్మడం, మిగతాది మూటలు కట్టి బెజవాడ వన్‌టౌన్లో టోకు కొట్లకు వేయడం. ఆ మూటలు వేసేది బాబాయి. ఆ ఏడాది ఒక మూట నా నెత్తిన పెట్టి వెంట తీసుకెళ్లాడు.

"చదువు రాలేదని ఏడవమాక. బేరం నేర్చుకో. దానికి పరీక్షలుండవ్" అన్నాడు బస్సులో.

ఆయన నేర్పినంత శ్రద్ధగా నాకు ఏ మాస్టారూ ఏదీ నేర్పలేదు. వన్‌టౌన్లో తెల్ల పరుపు మీద కూర్చున్న షావుకారు చీర అంచును వేళ్లతో నలిపి, మొహం చిట్లించి, ఎంతంటాడు. బాబాయి ఒక ధర చెబుతాడు. షావుకారు చీర పక్కన పడేస్తాడు, మనం మూట కట్టేస్తున్నట్టు నటిస్తాం, మధ్యలో టీ వస్తుంది, టీ తాగాక ఎక్కడో ఒకచోట బేరం తెగుతుంది. బయటికొచ్చాక నేను అడిగాను, ఆ ధరకే ఇచ్చేట్టయితే ముందే చెప్పొచ్చుగా అని.

"ముందే చెబితే వాడికి రాత్రి నిద్దర పట్టదురా. ఎదుటివాడు కోద్దామని కత్తి పట్టుకునే కూర్చుంటాడు. నువ్వు కండ మిగిల్చి చెప్పాల. మిగల్చకుండా చెప్పావనుకో, ఎముకకి తగులుద్ది. చెప్పే ధర వేరు, తెగే ధర వేరు."

ఈ ఒక్క ముక్క మీదే నేను ఇన్నేళ్లూ బతికాను. తర్వాత పటమటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరి, అక్కడ ఈ పేర్ల సంగతి పసిగట్టి, సొంతంగా మొదలుపెట్టినప్పుడు కూడా పద్ధతి అదే. పేరు మీద అమ్మకానికని ఒక బోర్డు పెడతాను. బోర్డు మీద చెప్పే ధర ఉంటుంది. దాన్ని చూసి ఎవడో బూతులు తిడుతూ ఉత్తరం రాస్తాడు. బూతులొచ్చాయంటే బేరం మొదలైందని అర్థం. అతను పదో వంతుకు అడుగుతాడు, నేను ఏడుస్తాను, అతను కొంచెం పెంచుతాడు. బోర్డు మీద ధరకే కొన్న మహానుభావుడు ఇంతవరకు నాకు తగల్లేదు. తగిలితే ఫొటో కట్టించి గోడకు పెట్టుకుందామని ఒక మేకు కొట్టి ఉంచాను.

పని మొదలుపెట్టిన కొత్తలో సరదాకి పెడన కొట్టు పేరు కూడా కట్టి బాబాయికి ఇచ్చాను. ఒక సైటు పెట్టి నాలుగు చీరల బొమ్మలు, కొట్టు ఫోన్ నంబరు వేశాను. "ఇంటర్నెట్లో కూడా బోర్డు పెట్టాలంట్రా, మేకులెక్కడ కొడతావ్" అని పెదనాన్న నవ్వాడు. బాబాయి నవ్వలేదు. వచ్చిన చుట్టాలందరికీ ఫోన్లో చూపించేవాడు. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే దానికి ధర పెరుగుతుందని ఒకప్పుడైతే బాబాయి సంబరపడేవాడు.

ఆ తర్వాత మా ప్రాంతానికి రాజధాని వస్తుందన్నారు. ఆ రోజులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఇబ్రహీంపట్నం దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాయన కూడా గజం ఎంత పలుకుతోందో నోటికి చెప్పేవాడు. అందరూ సెంట్లూ గజాలూ కొన్నారు. నేను పేర్లు కొన్నాను, రాజధాని అన్న మాటకు ముందొకటీ వెనకొకటీ తగిలించి, వరసబెట్టి. తర్వాత ఆ హడావుడి చల్లారిపోయింది. వాళ్ల స్థలాల్లో ముళ్లకంప మొలిచింది. నా పేర్లలో అది కూడా మొలవలేదు. కానీ ఇది తర్వాతి మాట. అప్పట్లో మాత్రం ఎవడు దేనికి ఎంత చెప్పినా, చెప్పినవాడి మొహం చూసి నమ్మేవాళ్లు.

సరిగ్గా ఆ గాలిలోనే పెడనలో పంపకాలు పెట్టుకున్నారు.

గొడవపడి కాదు. సంసారాలు పెరిగాయి, విడిగా ఉంటే బాగుంటుందని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. కొట్టు పైన మేడ మీద చాపలు వేసి, ఊళ్లో పెద్దమనుషులు ముగ్గురిని పిలిచారు. పొద్దున్నే కంసాలి వచ్చి బంగారం తూచి వెళ్లిపోయాడు. ఆయన చెప్పిన తూకాన్ని ఎవరూ మళ్లీ అడగలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి అది చూశాను. చూశానే గానీ, నాకు అర్థం కాలేదు.

కొట్టున్న భవనం ఒకవైపు, మగ్గాల షెడ్డూ దాని పక్క ఖాళీ స్థలమూ ఒకవైపు సరిపోయాయి. సరుకు సగం సగం. చివరికి బస్టాండు రోడ్డులో ఉన్న గోడౌను ఒకటి మిగిలింది. దానికి ఎదురు పెట్టడానికి ఏమీ లేదు. అప్పుడు బాబాయే అన్నాడు, "మరి ఇంటర్నెట్లో పేరుంది కదండీ" అని.

నేను అప్పటికి కింద కాఫీ తాగుతున్నాను. పైకి రమ్మని పిలిచారు. గ్లాసుతోనే వెళ్లాను.

"నువ్వేనా అబ్బాయ్ పేర్లమ్మేది" అన్నాడు పెద్దమనుషుల్లో పెద్దాయన.

"నేనేనండీ. మీ పేరైతే ఊరికే చూసిపెడతానండీ."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, "మా పేరుకి ఈ వయసులో ఎవడిస్తాడులే. ఈ కొట్టు పేరుకి ఎంతొస్తదో చెప్పు" అన్నాడు.

నేను పైకప్పు వైపు చూసి కాస్త ఆలోచించినట్టు నటించి, "నాలుగు లక్షలండీ" అన్నాను.

అది చెప్పే ధర. ఆ గదిలో ఉన్నది మొత్తం బట్టల వ్యాపారులు, పుట్టింది మొదలు బేరంలో పెరిగినవాళ్లు. ఒకాయన తల గోక్కుంటూ ఇరవై వేలంటాడు, ఇంకొకాయన అసలు కంటికి కనపడని దానికి ధరేంటంటాడు, నేను ఏడుస్తాను, బాబాయి మధ్యలో దూరతాడు, ఎక్కడో ఒకచోట తెగుతుంది. నేను దానికి తయారుగా రెండో మాట నాలుక మీద పెట్టుకుని నిలబడ్డాను.

పెద్దాయన తల ఊపాడు. "గోడౌనూ అంతే అవుతది. సరిపోయింది" అన్నాడు.

అంతే. ఎవరూ కోయలేదు. కంసాలి తూకాన్ని ఎందుకు అడగలేదో అప్పుడు అర్థమైంది. వీళ్లు బజార్లో ప్రాణం పోయినా బేరమాడకుండా కొనరు. పంపకాల్లో కూర్చున్నప్పుడు మాత్రం, తెలిసినవాడని పిలిచి అడిగాక, వాడు చెప్పిందానికి ఎదురు మాట్లాడరు. మాట్లాడితే పిలిచినవాళ్లను అవమానించినట్టు.

అప్పుడే నోరు విప్పాల్సింది. ఇది చెప్పే ధరండీ, తెగే ధర కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. ఈలోగా ఎవరో నాకు కుర్చీ వేశారు. పెద్దమనుషులు చాప మీద, నేను కుర్చీలో. పెద్దాయన నా వైపు వంగి, "మా మనవడు డిగ్రీ చదువుతున్నాడు, మీ లైన్లోకొస్తే బాగుంటదంటారా" అని అడిగాడు. ఇందాక అబ్బాయ్ అన్నవాడు ఇప్పుడు అంటారా అంటున్నాడు. తొమ్మిదో తరగతి నుంచి అప్పటిదాకా నా గురించి వేసిన జోకులన్నీ నేను వేసినవే, ఇంకెవరైనా వేసేలోపే వేసేసేవాడిని. ఆ పూట మేడ మీద నా పని గురించి ఎవరూ నవ్వలేదు. ఆ కుర్చీ దిగబుద్ధి కాలేదు.

మా వైపు పద్ధతి, పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పెదనాన్న వేశాడు: కొట్టూ గోడౌనూ ఒక వాటా, షెడ్డూ స్థలమూ పేరూ ఒక వాటా. బాబాయి కోరుకోబోతూ నా వైపు చూశాడు.

"ఏరా?"

"నీ ఇష్టం బాబాయ్" అన్నాను.

నీ ఇష్టం అన్నదాన్ని ఆయన సరే అన్నట్టు తీసుకున్నాడు. "కొట్టంటే నాలుగ్గోడలేగా. పేరు మన దగ్గరుంటే కొట్టు ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అని పేరున్న వాటా కోరుకున్నాడు. పిన్ని స్వీట్లు పంచింది. నేను రెండు తిన్నాను.

తర్వాత జరిగింది చిన్నది. సైటు మీద నంబరు మార్చి బాబాయి నంబరు వేశాను. ఫోన్లు రాలేదు. ఎందుకంటే జనం ఎన్నడూ ఆ పేరు కొట్టి రాలేదు. మా పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్ ముందు కూర్చుని చీర విప్పి కొంగు చూపిస్తూ వీడియో పెడుతుంది. "ఈ రంగు చామనఛాయ వాళ్లకి బాగుంటుందమ్మా, తెల్లటివాళ్లు నా మాటిని తీసుకోమాకండి" అని కూడా నిర్మొహమాటంగా చెబుతుంది. ఆవిడ మాట కోసం, కొట్టు పాత నంబరుకే చేసేవాళ్లు. ఆ నంబరు కొట్టుతోపాటు పెదనాన్న వాటాలోకి వెళ్లింది. దానికి ధర కట్టాలని ఎవరికీ తోచలేదు. అందరిలోకీ నాకు తోచి ఉండాల్సింది.

గోడౌనును పెదనాన్న కూల్‌డ్రింకుల డీలరుకు అద్దెకిచ్చాడు. బాబాయి షెడ్లో నేయించింది మూట కట్టుకుని పాతరోజుల్లోలాగే వన్‌టౌన్ బస్సెక్కేవాడు. ఒక్కనాడు కూడా నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఏడాదికోసారి పేరుకు డబ్బు కట్టే వేళకు మాత్రం పటమటలో నా గదికి వచ్చేవాడు. కింద టిఫిన్ సెంటర్లో రెండు ఇడ్లీ తిని, పైకొచ్చి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చెప్పులేసుకునేటప్పుడు అడిగేవాడు.

"ఇప్పుడెంత పలుకుద్దిరా?"

"అంతే బాబాయ్, ఇంకొంచెం పెరిగుంటది గానీ."

"ఉండనీ. తొందరేముంది."

పెరిగుంటుందని ఎందుకన్నానో నాకు తెలీదు. మొదటిసారి తగ్గిందని చెప్పలేకపోయాను, రెండోసారికి అది ఇంకా కష్టమైంది. ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా జోకులేస్తూనే ఉండేవాడిని. ఆయన నవ్వుతూ వెళ్లేవాడు. వెళ్లాక ఆ పూట ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

కిందటేడు ఆయనకు వన్‌టౌన్లో ఒక చిన్న కొట్టు దొరికింది. మూటలు మోసిన వీధిలోనే, తను కూడా పరుపు మీద కూర్చునే కొట్టు. మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇంక బస్సులెక్కలేనన్నాడు. బయానా ఇచ్చేశాడు. మిగతాది దసరాలోపు కట్టాలి. కట్టకపోతే బయానా పోతుంది, కొట్టు పోతుంది.

"పేరు అమ్మెయ్‌రా. దాన్నమ్మితే సరిపోద్ది" అన్నాడు.

నేను నిజంగానే ప్రయత్నించాను. బోర్డు పెట్టాను, తెలిసిన వ్యాపారులకు ఫోన్లు చేశాను. హైదరాబాదులో నాలాగే పేర్లమ్మే ఒకతను విని, "అన్నా, అది ఒక ఇంటివాళ్ల పేరు. ఆ ఇంటివాళ్లకి తప్ప ఎవరికి కావాలి?" అన్నాడు. నాకు తెలియని మాట కాదు. అందుకే ఆ ఇంటివాళ్ల దగ్గరికే వెళ్లాను, పెడన, పెదనాన్న కొట్టుకు.

"పేరు మీరు తీసుకోవచ్చుగా పెదనాన్నా. కొట్టు మీ దగ్గరే ఉంది."

"తీసుకుని ఏం చేసుకోనురా. జనం మీ పెద్దమ్మ మొహం చూసి కొంటున్నారు" అన్నాడు. మళ్లీ తనే, "నాలుగు లక్షలంటే ఎక్కువని ఆ రోజే అనుకున్నా" అన్నాడు.

"మరి అప్పుడు అనలేదేంటి?"

"ఎట్టా అంటాను. పేరు ధర తగ్గించమంటే, పేరు నాకు చవగ్గా కొట్టేద్దామని చూస్తున్నాననుకోరా. వాటాలేసేవాడు నోరు మూసుకోవాల. చెప్పేవాడు చూసి చెప్పాల" అన్నాడు.

కోపంగా అనలేదు. బట్టల తాన్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ అన్నాడు. నాకు మజ్జిగ ఇప్పించాడు. అది తాగి బయటికొచ్చేశాను.

నా దగ్గర పనికొచ్చే పేర్లు నిజానికి రెండే ఉండేవి. కొండపల్లి బొమ్మల పేరు మీద ఒకటి, మామిడిపళ్ల పేరు మీద ఒకటి. ఎప్పటికైనా మంచి బేరం వస్తుందని అట్టేపెట్టుకున్నవి. రెంటినీ ఆ హైదరాబాదు అతనికే ఇచ్చేశాను. అవసరంలో ఉన్నానని పసిగట్టి ఎముక దాకా కోశాడు, అతన్ని తప్పుపట్టను. బండి అమ్మాను. చేబదులు కొంత పట్టాను. మొత్తం నాలుగు లక్షలూ హైదరాబాదు అతని చేతే బాబాయి ఖాతాలో వేయించాను. "ఇదేం యవ్వారం అన్నా, నీ డబ్బు నువ్వు ఇవ్వడానికి నేనెందుకు?" అని అడిగాడు. చుట్టాల వ్యవహారమన్నాను. ఇంకేమీ అడగలేదు.

"ఎవరు కొన్నార్రా?" అన్నాడు బాబాయి ఫోన్లో.

"సింగపూర్ వాళ్లు."

సింగపూర్ అని ఎందుకు నోటికొచ్చిందో. రాజధాని రోజుల్లో మాకందరికీ అలవాటైన ఊరు, అందుకేనేమో.

దసరాకు కొట్టు తెరిచాడు. నేను వెళ్లాను. తెల్ల పరుపు, గోడకు అద్దం, పైన ఫ్యాను, ఆ కింద బాబాయి ఇస్త్రీ చొక్కాతో. చూసి కడుపు నిండిందనుకున్నాను. లెక్క సరిపోయింది, ఎవరికీ నష్టం లేదు, నాకు తప్ప, నాకు రావాల్సిందే వచ్చింది. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

నేను లెక్కలో మరిచిపోయింది బాబాయి నోరు. ఆ వీధిలో ప్రతి కొట్టుకూ చెప్పాడు, మావాడు పంపకాల్లో చెప్పిన ధరకు రూపాయి తగ్గకుండా సింగపూర్‌కి అమ్మాడని. అది అబద్ధమని చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, డబ్బు ఖాతాలో పడటం అందరూ చూశారు. నా అబద్ధానికి నేనే బిల్లు కొట్టి, స్టాంపు వేసి, ఆయన చేతికిచ్చినట్టయింది.

ఈమధ్య ఒకరోజు పొద్దున్నే రమ్మని ఫోన్ చేశాడు. వెళ్లేసరికి పక్క కొట్టాయన కూర్చుని ఉన్నాడు. చీరలకు కుట్టే ఫాల్సూ జాకెట్ లైనింగులూ అమ్ముతాడు, నెమ్మదైన మనిషి.

"రండి బాబూ. మీ గురించే చెబుతున్నారండి మీ బాబాయిగారు" అన్నాడు. "చీటీ ఎత్తానండీ. బ్యాంకులో వేస్తే ఏమొస్తదండీ. ఆ సింగపూర్ వాళ్లకి పనికొచ్చే పేర్లు నాలుగు నాక్కూడా చూసిపెట్టండి."

"పేర్లు పాలివ్వవండీ, దూడల్ని పెట్టవు. గేదెను కొనుక్కోండి" అన్నాను.

ఆయన నవ్వాడు. "జోకులేసేవాళ్ల దగ్గరే సరుకుంటదండీ. గంభీరంగా ఉండేవాడు నా చేత ప్లాట్లు కొనిపించాడు, ఇంకా చెట్లు కొట్టిస్తానే ఉన్నాను."

"నా దగ్గర రాజధాని పేర్లు సంచీడున్నాయండీ. తీసుకెళ్లండి, మీ ప్లాట్లలో నాటుకుందురు గాని."

"చూశారా, ఎట్టా మాట్లాడతాడో" అన్నాడు బాబాయి మురిసిపోతూ. "మావాడు ఊరికే అంటాడు గానీ, ఒకసారి ధర చెప్పాడంటే అంతే. ఆ రోజు పెద్దమనుషుల ముందు చెప్పాడండీ, ఒక్కళ్లు మాట్లాడితే ఒట్టు."

పక్క కొట్టాయన జేబులోంచి చెక్కు పుస్తకం తీశాడు. ఎవరి పేరు మీద రాయమంటారని అడిగాడు. నేను ఇంకో జోకు కోసం వెతుక్కున్నాను. మామూలుగా నోట్లో నాలుగైదు సిద్ధంగా ఉంటాయి. ఒక్కటి కూడా దొరకలేదు.

"సింగపూర్లో ఎవరూ లేరండీ" అన్నాను. "ఆ పేరు కొన్నది నేనే."

పక్క కొట్టాయన నవ్వబోయి, బాబాయి మొహం చూసి ఆగిపోయాడు. బాబాయి చేతిలో సగం మడిచిన చీర ఉంది. దాన్ని పూర్తిగా మడిచాడు. అంచుకు అంచు సరిచూసి, అరలో పెట్టాడు.

"తర్వాత మాట్లాడదాం, మీరెళ్లిరండి. చెక్కు లోపల పెట్టుకోండి" అన్నాడు ఆయనతో. ఆయన వెళ్లిపోయాడు.

ఫ్యాను తిరుగుతోంది. బాబాయి పరుపు మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు.

"బండి అందుకే అమ్మావా?"

"ఆఁ."

"మైలేజీ రావట్లేదన్నావ్."

"అన్నాను."

"పిన్నికి తెలుసా?"

"తెలీదు."

"ఆ రోజు ఎంతకి తెగుద్దనుకుని చెప్పావ్?"

"నువ్వు బేరమాడతావనుకున్నా బాబాయ్. ఎవరో ఒకళ్లు కోస్తారనుకున్నా."

"పంపకాల్లో కూర్చుని బేరమాడతానా? మా అన్న ఎదురుగా, పిన్ని తరఫు పిల్లాడు చెప్పినదాని మీద?" అన్నాడు. గొంతు పెంచలేదు. "కోయకపోయేసరికి నువ్వన్నా చెప్పాల."

"చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలా?"

కుర్చీ వేశారని చెప్పాను. మేడ మీద, చాప పక్కన, కుర్చీ వేశారని. ఇంకే కారణమూ నా దగ్గర లేదు. అది విని ఆయన వీధిలోకి చూశాడు. మూట నెత్తిన పెట్టుకుని ఒక కుర్రాడు ఎదురు కొట్లోకి వెళ్తున్నాడు.

"నేను నేర్పిందేగా" అన్నాడు చివరికి. నన్ను తిట్టినట్టా, తనను తాను తిట్టుకున్నట్టా, ఆ మాట నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత అడిగాడు: "అయితే ఆ పేరు ఇప్పుడు నీ దగ్గరుందన్నమాట."

"ఉంది."

"ఎంతకిస్తావ్?"

"నీదే బాబాయ్. ఊరికే తీసుకో."

"ఊరికే ఇచ్చేది నాకక్కర్లా. మా నాన్న పెట్టిన పేరు, ధర చెప్పు. చెప్పే ధర కాదు. తెగేది చెప్పు. కండ మిగల్చకుండా."

నేను ఇన్నేళ్లలో ఎవరికీ అలాంటి ధర చెప్పలేదు. "రెండు నూలు చీరల ధర రావచ్చు. అంచు మామూలుది" అన్నాను.

"మంచివాడు దొరికితే?"

"మంచివాడు దొరికితేనే."

ఆయన తల ఊపాడు. ఆ రోజు మేడ మీద పెద్దాయన ఊపినట్టే. దానికి గోడౌను వదులుకున్నానన్నమాట అని ఆయన అనలేదు. అది ఇద్దరికీ వినపడింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, అరలోంచి రెండు చీరలు తీశాడు. ఒకటి ఇందాక మడిచి పెట్టిందే. కాగితం సంచిలో వేసి నా ఒళ్లో పెట్టాడు.

"నీకివాళ బోణీ అయిందా?"

"లేదు."

"అయితే కాదనకూడదు. పేరు రేపు నా మీదికి మార్చు."

"మరి ఆ డబ్బు, బాబాయ్?"

"నువ్వు నాకు బాకీనో, నేను నీకు బాకీనో కూర్చుని తేల్చుకోవాల. ఇవాళ కాదు" అన్నాడు. గుమ్మంలోకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఆయన మొహం మార్చుకుని, "రండమ్మా, కూర్చోండి" అని వాళ్ల వైపు తిరిగాడు. వెనక నుంచి విన్నాను, మొదటి చీరకు ధర చెబుతున్నాడు. ఎప్పటిలా బాగా ఎక్కువగా చెప్పి, వాళ్లు కోస్తారని ఎదురుచూస్తాడనుకున్నాను. ఎంత చెప్పాడో వినపడలేదు. ఆ ఆడవాళ్లు మాత్రం బేరమాడకుండా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పటమట బస్సెక్కాను. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చీర అంచు బయటికి కనపడుతోంది. బందరు రోడ్డు మీదికొచ్చాక పక్క సీట్లో ఆవిడ వంగి, అంచు వేళ్లతో పట్టుకు చూసింది.

"బాగుందండీ నేత. ఎంతకిచ్చారేంటి?"

నేను ఎప్పుడూ దేనికైనా ఒక ధర చెప్పగలను. ఎదుటివాళ్ల మొహం చూసి, కాస్త పైకప్పు వైపు చూసి, చెప్పేస్తాను. ఆవిడ మొహం చూశాను.

"ఇంకా తేలలేదండీ" అన్నాను.